మూత పెట్టి తీసిన బొమ్మలు

మా ఇంట్లో శవాల పెట్టెలు రెండున్నాయి. ఒకటి కొత్తది, ఒకటి పాతది. ఎవరైనా పోతే, దూరాభారం నుంచి రావలసినవాళ్ళు వచ్చేదాకా మనిషిని చెడిపోకుండా ఉంచే ఫ్రీజర్ పెట్టెలు. పైన అద్దం మూత, కింద మోటారు, నాలుగు చక్రాలు. మా ఆయన ఎలీషా వాటిని నెల్లిమర్ల చుట్టుపక్కల ఊళ్ళకి అద్దెకిస్తాడు. కబురు రావడం ఆలస్యం, ట్రాలీ ఆటో మీద పెట్టెనెక్కించుకుని బయల్దేరిపోతాడు. అన్నం ముందు కూర్చున్నా సరే, చెయ్యి కడిగేసుకుంటాడు.

నా పేరు ప్రిస్కిల్లా. విజయనగరంలో ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తున్నాను. ఎలీషా నాకు సొంత మేనత్త కొడుకు. కాబట్టి పెట్టెల సంగతి తెలియక పెళ్ళి చేసుకున్నానని నెపం వెయ్యడానికి కూడా లేదు. మా ఆడపడుచు శాంతి ఎప్పుడొచ్చినా ఒకటే వెక్కిరింపు. "నీకేమో సుక్కలు, మా అన్నకేమో సచ్చినోళ్ళు. ఇద్దరికీ పైనున్నోళ్ళతోనే పని."

నా పని ఆకాశం ఎంత చీకటిగా ఉందో కొలవడం. వినడానికి పనీపాటా లేనివాళ్ళ పనిలా ఉంటుంది, నాకు తెలుసు. భోగాపురంలో విమానాశ్రయం దీపాలు పూర్తిగా వెలిగాక, ఆ పక్క ఆకాశంలో చిన్నచిన్న నక్షత్రాలు ఇక కనిపించవు. వెలగకముందు అక్కడ ఎంత చీకటి ఉండేదో ఎవరో ఒకరు కొలిచిపెట్టాలి కదా. అందుకని సముద్రం ఒడ్డున కెమెరా పెట్టుకుని, దోమలకి రక్తదానం చేస్తూ, బోలెడన్ని ఫోటోలు తీశాను. ఇక వాటిని శుభ్రం చెయ్యాలి.

ఆ శుభ్రం చెయ్యడంలో ఒక పద్ధతుంది. కెమెరాకి మూత బిగించేసి ఫోటో తీస్తే నల్లగా రావాలి. రాదు. కెమెరా లోపలుండే సెన్సర్ తన వేడికి తనే కొన్ని చుక్కలు పుట్టిస్తుంది. అవి ఆకాశంలో లేని చుక్కలు, అబద్ధపు చుక్కలు. అందుకని మేం మూత పెట్టి వందలకొద్దీ ఫోటోలు తీసి, వాటన్నిటి సగటు కట్టి, ఆ అబద్ధాన్ని అసలు ఫోటోల్లోంచి తీసేస్తాం. మూత పెట్టి తీసే ఈ ఫోటోలని డార్కులంటాం. చీకట్లో తియ్యాలి. చల్లగా తియ్యాలి. మొదటి నుంచి చివరి దాకా చల్లదనం ఒక్కలాగే ఉండాలి.

మా డిపార్ట్‌మెంటులో చల్లబరిచే పరికరం పాడైపోయింది. మా గైడు నరసింగరావు గారు "ఏదో ఒకటి చూసుకోమ్మా" అన్నారు. ఆయన ప్రతిదానికీ అదే అంటారు. ఏదో ఒకటి చూసుకోవడానికి మా ఇంటిని మించిన చోటు ఎక్కడుంది? గాలి చొరబడని పెట్టె, ఒకే చల్లదనం, పైన నల్లగుడ్డ కప్పితే చీమంత వెలుగు కూడా దూరదు. ఈ ఆలోచన వచ్చిన రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజు పొద్దుటినుంచీ తుఫాను వాన. మధ్యాహ్నం భోంచేస్తుండగా భోగాపురం అవతల, సముద్రం పక్క ఊరి నుంచి ఫోనొచ్చింది. దేముడమ్మ అనే ముసలావిడ పోయిందట. ఎలీషా లేచి కొత్త పెట్టెని బండికెక్కించాడు.

"పాత పెట్టె ఇవాళ నేను వాడుకుంటాను బావా" అన్నాను.

"ఏటి, దాన్లో తొంగుంటావేటి?"

"నేను కాదు, కెమెరా తొంగుంటాది."

"దానికీ ఓ పూలదండ ఎయ్యమంటావేటి మరి?" అని నవ్వుతూ బండి స్టార్ట్ చేశాడు. టార్పాలిన్ మీద వాన టపటపా కొడుతోంది. సందు మలుపు తిరిగేదాకా చూసి, నేను పెరట్లో షెడ్డులోకి వెళ్ళాను.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. పేరు సత్యవతి. పెట్టెకి కరెంటు పెట్టేటప్పుడు అది ఎవరి కోసమో ఆ మనిషి పేరు పైకి చెప్పాలంటుంది. మా మామ ఈ పని మొదలెట్టిన నాటి నుంచీ ఇంట్లో ఇదే పద్ధతి. ఎలీషా కూడా చావింటికి వెళ్ళగానే ముందు పేరడుగుతాడు. ఆ పేరు నోటితో చెప్పాకే స్విచ్ వేస్తాడు. పేరు లేకుండా ఖాళీ పెట్టెని చల్లబెట్టకూడదు. బాప్టిస్టు చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మనిషికి ఈ మాట ఏ వాక్యంలో దొరికిందని నేనెప్పుడూ నిలదియ్యలేదు. మేనత్త కదా, కోపమొస్తే ఇప్పటికీ జుట్టు పట్టుకుంటుంది.

ఆ మధ్యాహ్నం ఆమె పక్కవీధిలో చర్చి స్త్రీల ప్రార్థన కూడికకి వెళ్ళింది. నేను కెమెరాకి మూత బిగించి, పెట్టెలో తలగడ ఉండే చోట వెల్లకిలా పడుకోబెట్టాను. కెమెరా తీగని మూత రబ్బరు సందులోంచి బయటికి లాగి లాప్‌టాప్‌కి తగిలించాను. అద్దం మూత వేసి నల్లగుడ్డ రెండు మడతలు కప్పాను. ప్లగ్గు పెట్టాను. పేరేమీ చెప్పలేదు. కెమెరాకి పేరేమిటి?

మోటారు గురగురమని మొదలై, కాసేపటికి సన్నటి ఈలలోకి దిగింది.

ఆ షెడ్డులో ఎప్పుడూ ఒక వాసనుంటుంది. ఫినాయిలు, అగరొత్తుల బూడిద, కరిగిన కొవ్వొత్తి, వాడిపోయిన పూలు. ఎంత కడిగినా పోదు. రేకుల కప్పు మీద వాన మోత. ఒక మూల ఎక్కడో చుక్కచుక్కగా నీళ్ళు కారుతున్న చప్పుడు. నేను స్టూలు మీద కూర్చుని, కాళ్ళు పైకి ముడుచుకుని, వేయించిన పెసలు కొరుక్కుంటూ ఫోటోలు వచ్చిపడుతుంటే చూస్తున్నాను. ఒక్కొక్కటీ నల్లగా, అక్కడక్కడ ఇసక చల్లినట్టు వస్తోంది. ఎలా రావాలో అలాగే. ఏ బెంగా లేకుండా కూర్చున్న చివరి మధ్యాహ్నం అది.

దీపాలు పెట్టే వేళకి కావలసినన్ని ఫోటోలు పోగయ్యాయి. సగటు కట్టమని లాప్‌టాప్‌కి చెప్పి, వీధిలో ఏదో బండి చప్పుడైతే ఎలీషానేమోనని ఒకసారి బయటికి తొంగిచూసి వచ్చాను. తెర మీద బొమ్మ తయారై ఉంది. నల్లగా. ఆ నలుపులో ఎంత తక్కువ తేడా ఉన్నా కంటికి తెలిసేలా వెలుగు పెంచడం మా అలవాటు. పెంచాను.

మూలల్లో మరకలున్నాయి.

వెలుగు దూరుతోందనుకున్నాను. ఒళ్ళు మండింది. ఒక పూట పని గంగలో కలిసిందే అనుకుని, గుడ్డ సరిచేద్దామని లేవబోయి ఆగాను. మూత సందులోంచి వెలుగు దూరితే పొగలా, ఒక పక్కన తెల్లగా పాకుతుంది. ఇవి అలా లేవు. ఇవి అంచుల నుంచి మధ్యకి వంగి ఉన్నాయి. గుండ్రంగా. ఒక్కోదానిలో రెండు గుంటలు, వాటి కింద ఇంకో గుంట.

మనుషులకి ఎక్కడ పడితే అక్కడ మొహాలు కనిపిస్తాయి. మబ్బుల్లో, పెచ్చులూడిన గోడల మీద, అట్టు మీద కూడా. ఈ సంగతి నేను జూనియర్లకి పాఠంగా చెప్పినదాన్ని. కాబట్టి భయపడలేదు. నిజంగానే భయపడలేదు. పరీక్ష చేద్దామనుకున్నాను.

ముందు తీసిన ఫోటోలని ఒక గుంపు చేశాను, తర్వాత తీసినవాటిని ఇంకో గుంపు. రెండిటికీ వేరువేరుగా సగటు కట్టాను. ఊరికే కంటికి అలా తోస్తున్న గీతలైతే ఒక గుంపులోవి ఇంకో గుంపులో రావు.

వచ్చాయి. అవే గుంటలు, అవే చోట్ల.

సరే, సెన్సర్‌లోనే ఏదో లోపం అనుకున్నాను. దానికీ ఒక పరీక్షుంది. లోపం సెన్సర్‌దైతే, కెమెరాని ఎటు తిప్పి పెట్టినా బొమ్మలో అది ఉన్నచోటే ఉంటుంది. బయట నిజంగా ఉన్న వస్తువైతే, కెమెరాని తిప్పితే బొమ్మలో అదీ తిరుగుతుంది. ఇది మా పనిలో ఓనమాలు.

గుడ్డ తీశాను. అద్దం మూత ఎత్తాను.

చల్లటి గాలి మొహానికి కొట్టింది. దానితో పాటు ఒక వాసన... ఫినాయిలు కాదు. చామంతులు. వాడిపోయినవి కాదు, అప్పుడే కోసి, నీళ్ళు చల్లి, దండ కట్టినవి. లోపల రెక్క కూడా లేదు. చెయ్యి పెట్టి కెమెరాని పక్కకి తిప్పుతుంటే మోచేతి దాకా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చలికే అని చెప్పుకున్నాను. మూత వేసి, గుడ్డ కప్పి, మళ్ళీ మొదలెట్టాను.

అవి వచ్చేదాకా కూర్చోవడం... ఆ కూర్చోవడం చెప్పలేను. వాన కాస్త తగ్గింది. తగ్గాక మోటారు చప్పుడు ఎక్కువగా వినిపించసాగింది. నేను పెట్టె వైపు చూడకుండా తెర వైపే చూస్తున్నాను. తెర అద్దంలో నా వెనకున్న పెట్టె కనిపిస్తోంది. తెర కూడా చూడ్డం మానేశాను.

సగటు వచ్చింది. వెలుగు పెంచాను.

తిరిగాయి.

మొహాలన్నీ కెమెరా తిరిగినంత తిరిగాయి.

అంటే అవి కెమెరా లోపల లేవు. కెమెరాకి మూత ఉంది. మూత మీద చీకటి. చీకటి మీద అద్దం. అద్దం మీద నల్లగుడ్డ. వాటన్నిటి అవతల ఎవరో నిలబడి లోపలికి వంగి చూస్తున్నారు. పెట్టెలో పడుకున్న మనిషికి, కళ్ళు తెరిస్తే, ఎలా కనిపిస్తారో అలా.

బొమ్మని నిలువుగా తిప్పి పెద్దది చేశాను. మొదట గుర్తుపట్టింది థామస్‌ని. ఎలీషాకి అన్న, మా చర్చి పాస్టరు. బట్టతల, చెవుల మీద వెంట్రుకలు, చంకలో బైబిలు. పక్కన శాంతి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ పక్కన కళ్ళజోడు పెట్టుకున్న మనిషి. నోరు తెరుచుకుని, జుట్టు ముడి ఊడిపోయి, అద్దం మీదికి పడిపోతోంది. వెనకనుంచి ఎవరో భుజాలు పట్టుకుని ఆపుతున్నారు.

నా కళ్ళజోడు. నా నోరు. నేను.

"ఎవురికెట్టినావు?"

నేను కెవ్వుమన్నాను. గుమ్మంలో మా అత్త. తడిసిన గొడుగు మూసుకుంటూ, పెట్టె వైపు చూస్తోంది.

"ఎవరికీ కాదత్తా... నా కెమెరాకి. పనుండి..."

"పేరు సెప్పినావా?"

"కెమెరాకి పేరేటత్తా?"

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. గొంతు బాగా తగ్గించి, పెట్టె వినకూడదన్నట్టు, "పేరు సెప్పకుండా పెడితే మనిషిని అదే ఎతుక్కుంటాదే" అంది.

నేను లాప్‌టాప్ మూసెయ్యబోయాను. అప్పటికే దగ్గరికొచ్చేసింది. తెర మీదికి వంగి కళ్ళు చికిలించింది. చాలాసేపు చూసింది. ఆమె చీర అంచు నుంచి నీళ్ళు కారి సిమెంటు మీద పడుతున్నాయి.

"ఇదేటి... ఇది నానే కదేటి? నానేటి అలగ ఏడుస్తన్నాను?"

నిజమే. ఒక అంచున ఆమె ఉంది. అద్దానికి అరచెయ్యి ఆనించి, నుదురు ఆనించి.

"అత్తా, లోపలికి పద. ఇదంతా ఏదో తప్పు..."

"థామసున్నాడు. శాంతున్నాది. నువ్వున్నావు." వేలితో తెర మీద ఒక్కొక్కరినీ ముట్టుకుంటూ పోయింది. బొమ్మ చివరికొచ్చి వేలు ఆగింది. మళ్ళీ మొదటికెళ్ళింది. మళ్ళీ చివరికొచ్చింది. అప్పుడు నా వైపు తిరిగి, గుసగుసగా అడిగింది. "నా కొడుకేడే?"

ఆ మాట నాకు ముందే తెలుసు. ఆమె అడగకూడదని లోపల మొక్కుకుంటున్నాను.

ప్లగ్గు పీకేశాను. మోటారు ఒకసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. ఫోను తీసి ఎలీషాకి చేశాను. అందుబాటులో లేడంది. మళ్ళీ చేశాను. మళ్ళీ. ఆ ఆడగొంతు అదే మాట, అంతే మర్యాదగా చెబుతుంటే దాని గొంతు నులమాలనిపించింది. మా అత్త ఆ తడి నేల మీదే మోకరించి, "ప్రభువా, నా బిడ్డని తోలుకురా... తోలుకురా నాయనా..." అంటోంది. నేను ప్రార్థన చెయ్యలేదు. ఎలీషా, ఎలీషా అని ఆ పేరు మాత్రం మనసులో తిరుగుతోంది. అంతలోనే, పేరు అనుకోకూడదేమో, ఈ గదిలో ఆ పేరు అనుకోకూడదేమో అని భయమేసి పెరట్లోకి, వానలోకి పరిగెత్తాను.

ఎన్నిసార్లు చేశానో. చివరికి మోగింది.

"ఏటే పిల్లా, పోను మీద పోను?"

ఆ గొంతు వినగానే ఫోను చెవికి అదుముకున్నాను. "ఎక్కడున్నావు బావా?"

"భోగాపురం దాటీసినాను. హైవే మీదున్నాను. వాన మల్లా దంచేస్తంది ఇక్కడ."

"బండి ఆపీ."

"ఎందుకూ?"

"ఆపీమన్నానా! టీ బడ్డీ ఏదైనా ఉంటే అక్కడ కూసో. వాన పూర్తిగా తగ్గేదాక కదలకు. నా మీద ఒట్టు."

"పాస్టరుగారి మరదలివి, ఒట్లేటే నీకు?" నవ్వాడు. "సర్లే, ఆపతన్నాను. అమ్మకి బాగున్నాదా? ఏటి అలగున్నావు..."

పెద్ద హారను. చాలా పెద్దది, దగ్గరగా. ఆ మీద ఏదో ఈడ్చినట్టు చప్పుడు.

ఫోను కట్టయిపోయింది.

ఆ తర్వాత ఎంతసేపు వీధి గుమ్మంలో నిలబడ్డానో నాకు తెలియదు. మా అత్త లోపల దీపం దగ్గర కూర్చుని పెదాలు కదుపుతోంది. థామస్‌కి ఫోన్ చెయ్యమంది. చెయ్యలేదు. థామస్ వస్తే శాంతి కూడా వస్తుంది. అందరూ ఒకచోట చేరితే... ఆ బొమ్మలో ఉన్నట్టే చేరితే... వద్దు. ఎవరూ రావద్దు. నాకు ఎలీషా ఒక్కడే కావాలి. పెళ్ళయ్యాక ఎన్నిసార్లు అతని మీద విసుక్కున్నానో, చావింటి నుంచి వచ్చాడని మంచం మీద కూర్చోనివ్వకుండా ముందు స్నానం చెయ్యమని ఎన్నిసార్లు తరిమానో, అవన్నీ వరసగా గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మురికితోనే రా బావా, ఎలా ఉంటే అలా రా అని గొణుక్కున్నాను.

సందు మొదట్లో వెలుగు కనిపించింది. ఒంటి దీపం. తడి గోడల మీద ఊగుతూ వస్తోంది. మా ట్రాలీకి ఎడమ దీపం వెలగదు.

బండి ఆగకముందే ఎదురెళ్ళిపోయాను. దిగీ దిగగానే ఎలీషా గుండెల మీద రెండు చేతులతో కొట్టాను. కొట్టి, అక్కడే వాటేసుకుని, వీధిలో అందరూ చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. వెచ్చగా ఉన్నాడు. చెమట, తడిసిన గోనె, పెట్రోలు వాసన. నా జన్మలో అంత మంచి వాసన పీల్చలేదు.

"నువ్వు ఆపమన్నావని పక్కకి తీసినానే" అన్నాడు. "ఎనకాలొచ్చిన లారీ జారిపోయి నా ముందునుంచి అడ్డంగా ఎలిపోయి కాలవలో పడ్డాది. డ్రైవరుకి ఏటీ అవలేదు, దిగి నిలబడ్డాడు. పోను నీళ్ళలో పడిపోనాది. నువ్వు సెయ్యకపోతే..."

అదే గండం. గడిచిపోయింది. మా అత్త కొడుకు తలని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ రాత్రి ముగ్గురం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నట్టు దగ్గరదగ్గరగా కూర్చుని, ఎండుచేపల పులుసుతో అన్నం తిన్నాం. ఎలీషా ఎడంచేత్తో చెంచా పట్టుకుని అవస్థపడుతున్నాడు. కుడిచేతికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఏమైందని అడిగితే, దారంతా నీళ్ళు నిలిచి ఆలస్యమైందని, ఆ ఊళ్ళో దీపాలు పెట్టే వేళకి పెట్టె దించి మూత వేస్తుంటే బొటనవేలి మీద పడిందన్నాడు. ఆ పూట లారీ కింద పడకుండా వచ్చిన మనిషికి వేలొక లెక్కా? నేనే ముద్దలు కలిపి పెట్టాను.

మా అత్త పడుకోవడానికి వెళ్ళాక అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఆ బొమ్మ సూపించు."

"వద్దు బావా. పొద్దున్నే చెరిపేస్తాను."

"నాను లేనన్నావు కదా. సూడనీ."

లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఫోటోలతో చేసిన మొదటి బొమ్మ తెరిచి ఇచ్చాను. చావిళ్ళు చూసి చూసి ఉన్న మనిషి, మొహాల వైపు అంత తొందరగా చూడలేదు. నిదానంగా అంచులన్నీ వెతుకుతున్నాడు. ఉన్నట్టుండి చిన్నపిల్లాడిలా మొహం విప్పారింది.

"ఒలమ్మా! సూడవే ఇటు. ఇదిగో నాను!"

కింద, బొమ్మ చివర, ఒక చెయ్యి. నేను మొహాలే చూశాను కానీ మొహం లేని ఈ చెయ్యిని చూడలేదు. అద్దానికి ఆనించిన చెయ్యి, వేళ్ళు విడివిడిగా ఉన్నాయి.

"ఎలా చెప్పగలవు? ఎవరిదైనా కావచ్చు."

"నా సెయ్యి నాకు తెల్దేటి?" గుడ్డపీలిక విప్పి బొటనవేలు తెర పక్కన పెట్టాడు. గోరు నల్లగా కమిలిపోయి, అడ్డంగా మధ్యకి చీలింది. బొమ్మలో బొటనవేలి గోరు మీద అదే నలుపు, అదే చీలిక. "సూసినావా? నానూ ఉన్నాను మీతోటి. అందరం ఉన్నాం. ఇంకెవురికోసమే మనం ఏడుస్తన్నాం?"

నాకు నవ్వొచ్చింది. గుండె మీంచి బండరాయి దింపినట్టయి, పకపకా నవ్వాను. అతనూ నవ్వాడు. బయట వాన కూడా ఆగినట్టుంది.

నవ్వుతూనే ఆలోచన వచ్చింది. ఈ దెబ్బ తగిలింది దీపాలు పెట్టే వేళకి. ఈ ఫోటోలు అంతకుముందే, మధ్యాహ్నం నుంచీ తీసినవి.

నవ్వడం ఆపాను.

బొమ్మలో మా అత్త చెయ్యి చూశాను. అద్దానికి అదిమిన చోట అరచెయ్యి చదునై తెల్లగా ఉంది, గీతలు కూడా తెలుస్తున్నాయి. థామస్ చెయ్యి చూశాను. వేళ్ళ కొసల్లో కండ అద్దానికి నొక్కుకుని గుండ్రంగా ఉంది. నా చేతులు చూశాను. రెండు అరచేతులు. కెమెరా ఉన్నది లోపల. బయటినుంచి అద్దం మీద చెయ్యి ఆనిస్తే, లోపలున్నవాళ్ళకి అరచెయ్యే కనిపిస్తుంది.

ఎలీషా చేతికి గోళ్ళు కనిపిస్తున్నాయి.

వేలి కణుపులు కనిపిస్తున్నాయి. మణికట్టు మీది నరాలు కనిపిస్తున్నాయి. ఆ చెయ్యి అద్దానికి లోపలి వైపునుంచి, కెమెరా పక్కనుంచి లేచి, పైకి... అద్దాన్ని తోస్తోంది.

"ఏటే, అలగ అయిపోనావు?" అన్నాడు ఎలీషా.

ఏమీ లేదన్నాను. లాప్‌టాప్ మెల్లగా మూసేశాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, అతని వేలు వైపు చూస్తూ, "నొప్పెడతందా బావా?" అని అడిగాను.

"నొప్పేటీ లేదే" అన్నాడు, ఆ చేతిని దీపానికి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ. "సల్లగా ఉన్నాది. అంతే."